కొలతలకు అందని పిల్లలు

అశోక్‌నగర్‌లో కోచింగ్ కోసం, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో చదువుకోవడం కోసం, నారాయణగూడలో కాలేజీల కోసం తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది ఒక మాట విని ఉంటారు: "చూస్తే ఏడో తరగతి పిల్లాడిలా ఉన్నావు, నువ్వు గ్రూప్స్ రాస్తావా?" బక్కపలచని ఒళ్లు, నల్లని రంగు, చిన్న వయసు చూసి తెలివినీ నడతనూ తేల్చేసే చూపు అది. ఆ చూపు ఇప్పుడు పుట్టింది కాదు. ఒకప్పుడు దానికి శాస్త్రమనే పేరు, చట్టమనే బలం ఉండేవి.

మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల, తెగల ప్రజల తలలను, ముక్కులను పరికరాలతో కొలిచాడు. 1909లో ఏడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. ముక్కు వెడల్పును బట్టి మనిషి స్థాయి చెప్పవచ్చని ఆనాటి పండితులు కొందరు నమ్మారు. ఆ నమ్మకం ఎంత డొల్లో తర్వాతి శాస్త్రమే తేల్చింది.

చట్టం ఇంకా ముందుకు పోయింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. యెరుకల, సుగాలీ సమూహాలు కొన్నింటిపై పుట్టుకతోనే దొంగలనే ముద్ర పడింది. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు ఆ కాలంలో వెలిసినవే. 1924 నాటి చట్టం ప్రకారం ఆరేళ్లు దాటిన బిడ్డను సైతం తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ పాఠశాలలో పెట్టవచ్చు. ఆ బిడ్డ ఏ తప్పూ చేయనక్కర లేదు, ఆ తెగలో పుడితే చాలు. 1952లో చట్టం పోయింది. చూపు మాత్రం మిగిలింది.

అదే కాలంలో వేరే దారి పట్టినవారూ ఉన్నారు. నిజాం పాలనలో, 1943లో, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. దాని వెనుక ఉన్న హైమన్‌డార్ఫ్ కూడా మానవ శాస్త్రవేత్తే. అయితే ఆయన ఆ ఊళ్లో కాపురముండి, గోండి నేర్చుకున్నాడు. పిల్లలకు సొంత భాషలో వాచకాలు వచ్చాయి. బడి తమ భాషలో మాట్లాడితే "మొద్దు"లన్న పిల్లలే చదువుకున్నారు.

ఇక మన కాలపు ఉదాహరణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి గుట్ట మీద కొండలెక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమెతో పాటు ఖమ్మం ప్రాంతానికి చెందిన ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. అలాంటి నియమం పిల్లల రక్షణ కోసం. దాన్ని తప్పుపట్టలేం. వయసు అడిగి కాపాడడం వేరు, వయసు చూసి చులకన చేయడం వేరు.

ఇందులో మనం చేయవలసిన పని కూడా ఉంది. బడిలో చేర్చేటప్పుడు జూన్ నెలలో ఏదో ఒక తేదీ రాసేయడం మన ఊళ్లలో మామూలు. కానీ ఒక పిల్లవాడు చట్టం చేతికి చిక్కినప్పుడు, 2015 నాటి బాలల న్యాయ చట్టం వయసుకు ముందు బడి రికార్డు అడుగుతుంది, అది లేకపోతే జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. కాబట్టి మన తమ్ముళ్ల, చెల్లెళ్ల జనన నమోదు చేయించండి. రికార్డు సరిగ్గా ఉంటే ఆ బిడ్డ వయసును ఎముకలు చూసి ఊహించే పని ఎవరికీ ఉండదు.

అలాగే రేపు హాస్టల్‌కు కొత్తగా వచ్చే సన్నని పిల్లను "నీ వల్ల అవుతుందా?" అని మనం కూడా అడగవద్దు. "ఏం చదువుదామనుకుంటున్నావు?" అని అడుగుదాం.