ఇంజన్ శీతలీకరణ: బెంజ్ నుంచి ప్రియస్ వరకు

ఘాట్ రోడ్డు మీద బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుతూ నిలిచిన లారీని మీరు చూసే ఉంటారు. అది చూస్తే, శీతలీకరణ వ్యవస్థ ఉన్నది ఇంజన్‌ను ఎంత వీలైతే అంత చల్లబరచడానికే అనిపిస్తుంది. తొలి తరం ఇంజనీర్ల ఆలోచన కూడా దాదాపు అంతే.

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన మూడు చక్రాల కారుకు రేడియేటర్ లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీరు మరిగి, ఆవిరైపోతూ వేడిని తీసుకుపోయేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులతో అటువంటి బండిలోనే మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. దారిలో ఆమె ఇంధనం కొన్న మందుల దుకాణం గురించి అందరూ చెబుతారు. మన పాఠానికి కావలసింది మాత్రం ఆమె మాటిమాటికీ ఆగి పోసుకున్న నీళ్లు.

ఇంజన్ శక్తి పెరిగేకొద్దీ ఈ పద్ధతి చాలలేదు. 1900 చివరలో విల్‌హెల్మ్ మైబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు తేనెపట్టు వంటి రేడియేటర్‌ను అమర్చాడు. అందులో ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు ఎనిమిది వేలకు పైగా ఉన్నాయి. గొట్టాల లోపల గాలి, వాటి చుట్టూ నీరు. సుమారు తొమ్మిది లీటర్ల నీరే మళ్లీ మళ్లీ తిరుగుతూ పని నడిపింది.

చల్లబరచడం చేతనైంది. అప్పుడే రెండో చిక్కు బయటపడింది. చల్లగా ఉన్న ఇంజన్‌లో ఆయిల్ చిక్కబడి ఘర్షణ పెరుగుతుంది. ఇంధనం సరిగా ఆవిరి కాదు కనుక ఎక్కువ పోయాలి. 1914లో కాడిలాక్ తన వి-8 ఇంజన్‌లో వాడిన థర్మోస్టాట్ దీనికి జవాబు: ఇంజన్ తగినంత వేడెక్కేదాకా అది నీటిని రేడియేటర్‌కు పోనివ్వదు. నా దృష్టిలో రేడియేటర్ కన్నా ఇదే పెద్ద మలుపు. ఆ తర్వాత వచ్చిన ప్రెషర్ మూత నీటి మరుగు స్థానాన్ని 120 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచింది. నీటికీ బయటి గాలికీ ఉష్ణోగ్రతలో తేడా పెరిగితే చిన్న రేడియేటర్‌తోనే సరిపెట్టుకోవచ్చు.

ఇక మిగిలింది వృథా శక్తి. బెల్టుతో తిరిగే ఫ్యాను, పంపు అవసరం ఉన్నా లేకున్నా ఇంజన్ శక్తిని తింటాయి. ముందు ఫ్యాను కరెంటుకు మారింది. 2009లో వచ్చిన మూడో తరం టయోటా ప్రియస్‌లో పంపు కూడా మారి, ఇంజన్‌కు బెల్టులే లేకుండా పోయాయి. పంపు ఇప్పుడు అవసరమైనంతే తిరుగుతుంది. అదే కారులో మరో ఏర్పాటు గమనించండి: చలిలో బండి స్టార్ట్ చేయగానే, పొగగొట్టంలో వృథాగా పోయే వేడిని పట్టి ఇంజన్ నీటికి అందిస్తారు. వేడిని బయటికి పంపడానికి పుట్టిన వ్యవస్థే ఇక్కడ వేడిని లోపలికి తెస్తోంది.