పిల్లలకు గొంతు నొప్పా? ఇంట్లో ఏం చేయాలి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

గొంతు నొప్పి అని పిల్లలు అన్నం ముట్టకపోతే, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చేయడం చాలా ఇళ్లలో అలవాటు. పిల్లల్లో గొంతు నొప్పి ఎక్కువగా వైరస్ వల్లే వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు. సాధారణంగా వారంలో అదే తగ్గిపోతుంది. అప్పటిదాకా నొప్పి తగ్గించడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే మన పని.

ఇంట్లో ఇలా చేయండి

* గోరువెచ్చని నీళ్లు, పలుచని షోర్బా, మెత్తని కిచిడీ కొంచెం కొంచెంగా ఇవ్వండి. చల్లని పెరుగు తింటానంటే తిననివ్వండి.
* ఏడాది దాటిన పిల్లలకు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు తేనె అసలు వద్దు.
* ఆరేళ్లు దాటి, పుక్కిలించి ఉమ్మడం తెలిసిన పిల్లలకు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు వేసి ఇవ్వండి.
* ఇంట్లో సిగరెట్, అగరబత్తి పొగ లేకుండా చూడండి.

సిరప్ కొలత జాగ్రత్త

నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. డోసు బరువును బట్టి ఉంటుంది. కిలోకు 15 మిల్లీగ్రాములు మించొద్దు. 5 ఎంఎల్‌లో 125 మిల్లీగ్రాములు ఉన్న సీసాలూ ఉంటాయి, 250 ఉన్నవీ ఉంటాయి. 10 కిలోల బిడ్డకు మొదటిదైతే 6 ఎంఎల్, రెండోదైతే 3 ఎంఎల్ మాత్రమే. లేబుల్ చూడకుండా పోస్తే డోసు రెట్టింపు అయిపోతుంది. ఆరు గంటలు గ్యాప్ ఇవ్వండి, రోజుకు నాలుగు సార్లు దాటొద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

యాంటీబయాటిక్ ఎప్పుడు?

దగ్గు, జలుబు లేకుండా ఒక్కసారిగా జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మెడలో గడ్డలు కనిపిస్తే అది స్ట్రెప్ బ్యాక్టీరియా కావచ్చు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. వదిలేస్తే కొందరికి రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. డాక్టర్ పది రోజుల కోర్సు రాస్తే, రెండు రోజుల్లో తగ్గినా పది రోజులూ వేయాలి. మిగిల్చి ఇంకో బిడ్డకు వాడొద్దు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

* ఊపిరి కష్టంగా ఉండటం, చొంగ కారడం, నోరు తెరవలేకపోవడం
* ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం
* మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం
* గొంతులో బూడిద రంగు పొర. ఇది డిఫ్తీరియా కావచ్చు, ప్రాణాంతకం. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇలాంటి అంటువ్యాధులకే ఉంది.

ఇవేవీ లేకున్నా జ్వరం మూడు రోజులు దాటితే డాక్టర్‌కు చూపించండి.

డిఫ్తీరియాకు టీకా ఉంది. 6, 10, 14 వారాలకు వేయించాక, ఏడాదిన్నరకు, ఐదేళ్లకు బూస్టర్లు మర్చిపోతుంటాం. ఈరోజే టీకాల కార్డు తీసి చూడండి.