పెళ్ళిళ్ళ రేవు యానాం



సంక్రాంతికి కొలువులో కొండపల్లి బొమ్మలు పెట్టుకుంటాం కదా! ఆ కొండపల్లి, దాని దాపునే ఉన్న మా జి.కొండూరు ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేవంటే నమ్ముతారా? 1753లో హైదరాబాదు నవాబు సలాబత్ జంగు, తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సైన్యం జీతాల కోసం కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను బుస్సీ దొరకు అప్పగించాడు. ఆ వైభవం ఆరేళ్ళ ముచ్చటే అయింది. 1758లో చందుర్తి యుద్ధంలో ఓడారు, మరుసటి ఏడు బందరు కోట కూడా పోయింది.

చివరికి మన తెలుగుగడ్డ మీద వాళ్ళకు ముఖ్యంగా మిగిలింది కాకినాడకు దగ్గరగా, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం రేవు. 1723లో అక్కడ వర్తకస్థానం పెట్టారు. లాభం లేదని 1727లో ఎత్తేశారు, 1731లో మళ్ళీ తెరిచారు. మన నేతగాళ్ళ బట్టలు అక్కడ ఓడలెక్కేవి. యుద్ధం వస్తే ఇంగ్లీషువారు పట్టుకోవడం, సంధి కుదిరితే తిరిగి ఇచ్చేయడం! ఆ దోబూచులాట 1814 ఒప్పందంతో ముగిసింది.

ఇంతవరకూ దొరల కథ. మన ఆడవాళ్ళ కథ తరువాత వచ్చింది. పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయరాదని 1929లో శారదా చట్టం చేశారు. 1930 ఏప్రిల్ నుంచి అది అమలైంది. కాని యానాంలో ఇంగ్లీషువారి చట్టం చెల్లదు. ఇంకేముంది, చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పసిపిల్లలను చంకనేసుకుని, మేళతాళాలతో పొలిమేర దాటి, మూడుముళ్ళు వేయించి తిరిగొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురమని పేరే పడింది! పెద్దలకు అది పండుగే. అక్షింతలు తలమీద పడుతుంటే నిద్రకు జోగుతున్న ఆ పసిదాన్ని అడిగినవారెవరు?

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి వంటి యోధుల పోరాటంతో యానాం విముక్తమైంది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో కలిసింది. ఈనాడు పుదుచ్చేరిలో భాగం. ఆడపిల్ల పెళ్ళి వయస్సు 1978లో పద్దెనిమిదికి పెరిగింది. చట్టానికి అందకుండా దాటిపోవడానికి ఇప్పుడు ఆ పొలిమేర లేదు.

అయినా దొంగచాటు పెళ్ళిళ్ళు ఆగాయా, చెప్పండి? పొలిమేర ఊరి చివర లేదమ్మా, మన గడపలోనే ఉంది. "మంచి సంబంధం, మళ్ళీ దొరకదు" అని ఇంట్లో ఎవరైనా తొందరపడితే, ఆ గడప దగ్గర అడ్డంగా నిలబడవలసింది మనమే.