గెలాక్సీ జెట్‌లు

కొన్ని గెలాక్సీల కేంద్రం నుంచి రెండు ఎదురెదురు దిశల్లో, దాదాపు కాంతి వేగంతో, సన్నని ధారలుగా వెలువడే ఆవేశిత కణ ప్రవాహాలను జెట్‌లు అంటారు. వీటిలో మొట్టమొదట గుర్తింపు పొందినది కన్యారాశిలోని ఎం87 గెలాక్సీ జెట్. 1918లో ఖగోళ శాస్త్రవేత్త హెబర్ కర్టిస్ దాన్ని ఒక తిన్నని కిరణంగా వర్ణించాడు. సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఈ గెలాక్సీ వేసవి రాత్రుల్లో తెలుగు నాట నడినెత్తికి చేరువగా వచ్చినా, వట్టి కంటికి కనిపించదు.

ఎం87 నడుమ సూర్యుడికి దాదాపు 650 కోట్ల రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉంది. దానిలోకి సుడి తిరుగుతూ జారే వాయువు ఒక పళ్లెంలా పరుచుకొని, తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని లోపలికి లాక్కుపోతుంది. కృష్ణబిల భ్రమణం ఆ బలరేఖలను మెలిపెట్టడం వల్ల భ్రమణశక్తే జెట్‌గా బయటికి వస్తుందని 1977లో శాస్త్రవేత్తలు బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ ప్రతిపాదించిన వివరణకే నేడు ఆదరణ ఎక్కువ. అంటే జెట్‌లోని పదార్థం కృష్ణబిలం లోపలి నుంచి రాదు. అక్కడి నుంచే వస్తుందన్న అపోహ మాత్రం బాగా ప్రచారంలో ఉంది. ఎం87 జెట్‌లోని కొన్ని ముద్దలు కాంతికంటే ఆరు రెట్లు వేగంగా కదిలినట్లు హబుల్ చిత్రాల్లో కనిపించడం, ధార మన వైపు వాలి ఉండటంవల్ల కలిగే భ్రమ మాత్రమే.

జెట్‌లు చుట్టుపక్కల వాయువును వేడెక్కించి, అది చల్లబడి కొత్త నక్షత్రాలుగా మారకుండా అడ్డుకుంటాయి. పెర్సియస్ గెలాక్సీ గుచ్ఛంలో అవి తొలిచిన బోలు ప్రాంతాలను చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు చూపింది. జెట్‌ల చివర ఉబ్బిన మేఘాల్లో వయసు మళ్లిన ఎలక్ట్రాన్లు తక్కువ పౌనఃపున్యాల్లోనే ప్రకాశిస్తాయి కనుక, వాటి పరిశీలనకు పుణె సమీపాన 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెనాలతో పనిచేసే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ఎంతో అనువైనది.