పెరటి గులాబీకి చలి దేశపు పెంపకం

గులాబీ చల్లటి చోట్ల మొక్క అనీ, ఊటీలోనో బెంగళూరులోనో బతుకుతుంది గానీ మన ఎండలకు ఆగదనీ, దొరల బంగళాలతో పాటే ఇక్కడికి వచ్చిందనీ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. నర్సరీ నుంచి తెచ్చిన అంటు మొక్క మొదటి చలికాలం పిడికెడేసి పువ్వులు పూసి, మే నెల వచ్చేసరికి కొమ్మలు పైనుంచి కిందికి ఎండుకుంటూ వచ్చి చచ్చిపోతే ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది. తప్పు మన ఎండదనుకుంటాం, లేదా మన చేతిదనుకుంటాం. గులాబీ చరిత్ర చూస్తే ఈ రెండూ కావని తేలుతుంది. ఏడాది పొడవునా పూసే గులాబీ అసలు వెచ్చటి ప్రాంతాల మొక్క. అది చలి దేశాలకు వెళ్లి, అక్కడి వాతావరణానికి తగ్గట్టు మారి, అక్కడి పెంపకం పద్ధతుల్ని వెంటబెట్టుకుని తిరిగివచ్చింది. మన పెరళ్లలో అవస్థ పడుతున్నది ఈ తిరిగివచ్చిన గులాబీయే.

దొరల కన్నా ఎంతో ముందే దక్కనులో గులాబీ ఉంది. తైమూరు కొడుకు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరంలో ఉన్నాడు. ఆ నగరంలో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారనీ, అక్కడి జనానికి తిండి ఎంత అవసరమో గులాబీ కూడా అంతే అవసరమనీ రాశాడు. ఆయన హెరాత్ నుంచి వచ్చినవాడు, గులాబీ తోటల మధ్య పెరిగిన జాతివాడు. వేరే పువ్వును చూసి గులాబీ అని పొరబడ్డాడనడం కష్టం. రాజధాని కదా, రాజుగారి తోటలకు నీళ్లకూ మనుషులకూ కొదవా అనవచ్చు. కానీ ఆయన చెప్పింది అంతఃపురపు ఉద్యానం గురించి కాదు, అంగడి గురించి. అంగడిలో రోజూ పువ్వు దొరకాలంటే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరో దాన్ని పండిస్తూ ఉండాలి. హంపీ బండల మధ్య వేసవి ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ గులాబీ ఏ రకమో రజాక్ చెప్పలేదు, ఇప్పటి మన నాటు గులాబీ అదేనని నేను అనబోవడం లేదు. ఎండ వల్లే గులాబీ మనకు పట్టుబడదన్న మాట నిలవదని చెప్పడానికి మాత్రం ఆ సాక్ష్యం చాలు.

అప్పటి ఐరోపా తోటల సంగతి వేరు. అక్కడి గులాబీలు వేసవి మొదట్లో ఒక్క విడత పూసి, మళ్లీ ఏడాది దాకా ఉత్త ఆకులతో నిలబడేవి. శరదృతువులో రెండో విడత కొద్దిగా పూసే డమాస్క్ రకం ఒక్కటే మినహాయింపు. చీనాలో మాత్రం చిగురు వేసినప్పుడల్లా మొగ్గ తొడిగే గులాబీని శతాబ్దాలుగా పెంచుతూ వచ్చారు. 18వ శతాబ్దం చివర ఆ మొక్కలు ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కాయి. నెలల తరబడి ఉప్పుగాలిలో సాగే ప్రయాణం కనుక కలకత్తా వాటికి మజిలీ అయింది. కంపెనీ అక్కడ 1787లో హుగ్లీ ఒడ్డున వృక్షశాస్త్ర తోట పెట్టింది. 1793 నుంచి ఆ తోటను నడిపిన విలియం రాక్స్‌బర్గ్ తెలుగువారికి కొత్తవాడు కాదు. అంతకుముందు పదేళ్లకు పైగా సామర్లకోటలో ప్రయోగాల తోట వేసుకుని, మన కోస్తా మొక్కల్ని స్థానిక చిత్రకారుల చేత గీయించినవాడు. చీనా నుంచి వచ్చి కలకత్తా తోటలో పెరిగిన ఒక గులాబీ జాతికి తరవాత ఆయన పేరే పెట్టారు. ఆ దారిన చేరినందువల్లే ఫ్రెంచివాళ్లు చీనా గులాబీని చాలాకాలం బెంగాల్ గులాబీ అని పిలిచారు. ఇక్కడ గమనించాల్సింది, కలకత్తా ఉక్కలో హాయిగా పెరిగిన ఈ మొక్కను ఇంగ్లండులో మొదట అద్దాల గదుల్లో పెట్టి కాపాడారు. అంటే 1790లలో చలికి ఆగని మొక్క అని పేరు పడింది ఈ గులాబీకే. దాని పువ్వును దగ్గరగా చూసినా సంగతి తెలుస్తుంది. ఐరోపా గులాబీ రెక్కలు ఎండకు వెలిసిపోతాయి. లేత గులాబీ రంగు చీనా పువ్వు ఎండ తగిలే కొద్దీ ముదురుతుంది. పొద్దున పాలిపోయినట్టున్న రెక్క అంచు సాయంత్రానికి ఎర్రబారుతుంది.

మన కథకు మరీ దగ్గరి ఘట్టం హిందూ మహాసముద్రంలో జరిగింది. మడగాస్కర్‌కు తూర్పున ఉన్న రీయూనియన్ దీవిని అప్పట్లో బుర్బోన్ అనేవారు. ఉష్ణమండలంలోని దీవి అది. అక్కడి రైతులు పొలం గట్ల మీద చీనా గులాబీనీ డమాస్క్ గులాబీనీ కలిపి కంచెలా పెంచేవారు. ఆ రెండూ తమంత తామే కలిసి ఒక కొత్త మొక్క మొలిచింది. 1817లో దీవికి వచ్చిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బ్రెయోన్ దాని విలువ గుర్తించాడు. దాని విత్తనాలు 1819లో పారిస్ దగ్గర తోట నడుపుతున్న జాక్ అనే తోటమాలికి చేరాయి. ఎడ్వర్డ్ గులాబీ అని మనం పిలిచేది ఆ కంచె మొక్కనే. డమాస్క్ వాసనా, చీనా మొక్కకుండే ఎడతెగని పూతా రెండూ దానికి వచ్చాయి. మనదేశంలో గులాబీ అంట్లకు వేరుమూలంగా చాలాకాలంగా వాడుతున్న రకాల్లో ఇదొకటి. విడి పువ్వుల సాగుకు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే రకాల్లో ఎడ్వర్డ్ పక్కనే ఆంధ్ర రెడ్ అనే పేరు కూడా కనిపిస్తుంది. దండకూ పూజకూ పనికొచ్చే పువ్వు ఎడ్వర్డ్. దీని మెడ కాస్త వాలుతుంది, రెక్కలు రెండో రోజుకే రాలతాయి. అయినా ముదురు కొమ్మ ముక్క గుచ్చితే వేరు పోసుకుంటుంది, మేలో కూడా చిన్నవో పెద్దవో పువ్వులిస్తుంది.

ఈ దీవి గులాబీ సంతతినీ, చీనా నుంచి 1809లోనూ 1824లోనూ వెళ్లిన టీ గులాబీలనూ కలుపుకుంటూ ఐరోపా తోటమాలులు కొత్త రకాలు తీశారు. 1867లో లియోన్‌లో గియో అనే తోటమాలి తీసిన 'లా ఫ్రాన్స్'ను హైబ్రిడ్ టీ గులాబీల్లో మొదటిదంటారు. మన నర్సరీల్లో పొడవాటి కాడ మీద ఒక్క మొగ్గతో నిలబడేవన్నీ ఆ వరసలోవే. అక్కడి నుంచి నూరేళ్లకు పైగా ఎంపిక చాలావరకు ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటన్ లాంటి చలి దేశాల తోటల్లో జరిగింది. మంచుకు చావని మొక్క నిలిచింది, ప్రదర్శన బల్ల మీద అందంగా కనిపించే మొగ్గ గెలిచింది. 40 డిగ్రీల ఎండలో ఏమవుతుందని చూడాల్సిన అవసరం వాళ్లకు లేదు, అందుకు వాళ్లను తప్పుపట్టలేం. 1900లో ఫ్రెంచి తోటమాలి పెర్నే-డ్యుషే 'సొలేయ్ డోర్' అనే గులాబీని విడుదల చేశాడు. పర్షియా పసుపు గులాబీ రక్తంతో తోటలకు నిండు పసుపు రంగు వచ్చింది, దానితోపాటే నల్ల మచ్చ తెగులుకు లొంగే గుణం కూడా వచ్చింది. వానాకాలంలో మన హైబ్రిడ్ మొక్కల ఆకులు నల్లమచ్చలతో పసుపుబారి రాలుతుంటే వారంవారం మందు కొడుతున్నాం. ఆ ఖర్చులో కొంత ఆ పసుపు రంగు కోసం కడుతున్నదే.

ఈ మొక్కలతో పాటు పెంపకం నియమాలూ వచ్చాయి. 19వ శతాబ్దంలో ఫర్మింజర్ రాసిన తోటపని పుస్తకం బెంగాల్‌కూ ఉత్తర భారతానికీ ఉద్దేశించింది. 1966లో 'ది రోజ్ ఇన్ ఇండియా' రాసిన బి.పి.పాల్ మనదేశంలో గులాబీకి చేసిన సేవ అపారం. తుప్పు తెగులును తట్టుకునే గోధుమలు తీసిన శాస్త్రవేత్త ఆయన, భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్. కానీ ఆయన మొక్కలు పెంచింది ఢిల్లీలో, నిజమైన శీతాకాలం ఉన్న ఊళ్లో. అక్కడి సలహాను విజయవాడ డాబా మీది కుండీకి దించుకోవడంలోనే ఇబ్బంది ఉంది. ఏటా మొక్కను మోకాలి కిందికి నరకడమనే ఆచారం, చలికి నిద్రపోయి వేళ్లలో ఆహారం దాచుకునే మొక్క కోసం పుట్టింది. మన దగ్గర గులాబీ నిద్రపోదు, ఆకుల్లోనూ కొమ్మల్లోనూ ఉన్న బలంతోనే బతుకుతుంది. ఆ కొమ్మల్ని మొదలంటా తీసేస్తే మిగిలిన కాండం మీద ఎండ నేరుగా పడి బెరడు కమిలిపోతుంది. వానలు తగ్గాక అక్టోబరులో ఎండు కొమ్మల్నీ పుల్లల్నీ తీసి, మిగతా వాటిని పైపైన కత్తిరిస్తే మన వాతావరణానికి సరిపోతుంది.

హైదరాబాదులో హైబ్రిడ్లు అద్భుతంగా పూస్తున్నాయి కదా, ప్రదర్శనలూ జరుగుతున్నాయి కదా అని అడగవచ్చు. నిజమే. ఆ నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, డిసెంబరు, జనవరి చలి ఆ గులాబీలకు పడుతుంది. ముదురు పసుపో, మఖమల్ ఎరుపో, బారెడు కాడో కావాలంటే హైబ్రిడ్ తప్ప దారి లేదని కూడా ఒప్పుకుంటాను. కానీ ఇంటి తోటకు కావలసింది రెండు నెలల వైభవమా, పన్నెండు నెలల పూతా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన ప్రశ్న. ఇంకొక అభ్యంతరం, చీనా గులాబీ మాత్రం మనదా అని. కాదు. మిరపకాయా మనది కాదు, సముద్రాలు దాటి వచ్చి గుంటూరు నేలలో కుదురుకుంది. పుట్టిన చోటు కన్నా కుదురుకున్న చోటే తోటమాలికి ముఖ్యం.

అచ్చంగా ఇక్కడివే అయిన గులాబీలు కూడా మనకున్నాయి. బెంగాల్ పల్లపు నేలల్లో, వరదనీటిలో మునిగి తేలే ఒక తెల్లటి అడవి గులాబీ పెరుగుతుంది. మణిపుర్ కొండల్లో చెట్ల మీదికి పాకే పెద్దపూల గులాబీ ఉంది. టీ గులాబీలకు మూలమైన జాతి అదే. ఐరోపా సంకర రకాల్లో ఆ తెల్ల గులాబీకి దాదాపు చోటే దొరకలేదు. ఈ రెండింటితో వెచ్చటి ప్రాంతాలకు తగిన రకాలు తీయాలని పట్టుబట్టినవారు ఎం.ఎస్.వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, 1980లో ముందుగానే ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి దశాబ్దాలుగా ఆ పని మీదే ఉన్నారు. ఆయన తీసిన గులాబీల్లో 'గోల్డెన్ థ్రెషోల్డ్' ఒకటి. హైదరాబాదులోని సరోజినీ నాయుడి ఇంటి పేరూ, ఆమె కవితల పుస్తకం పేరూ అదే. ఇలాంటి రకాలు మన కడియం నర్సరీల వరసల్లోకి రావాలి. కొనేవాళ్లు అడగనిదే నర్సరీవాళ్లు తేరు.

ఈసారి మొక్క కొనేటప్పుడు పువ్వు సైజుతో పాటు, ఏప్రిల్ దాటాక పూస్తుందా, కొమ్మ గుచ్చితే బతుకుతుందా అని కూడా అడగండి. పాత ఇళ్ల ప్రహరీల పక్కన మిగిలిన నాటు గులాబీ కనబడితే నాలుగు కొమ్మలు తెచ్చి వానాకాలంలో గుచ్చుకోండి. అంటు కట్టిన మొక్క పైభాగం ఎండిపోయి, కన్ను కింద నుంచి కొత్త చిగురు వస్తే జంగిలి మొక్క అని వెంటనే పీకేయకండి. ఒక్కసారి పూయనిచ్చి ఆ పువ్వును చూడండి.