సింథటిక్ ఇంజన్ ఆయిల్: కృష్ణా డెల్టాలో టర్బో కార్లకు ఎంపిక

ముడిచమురును హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి గానీ, పాలీ ఆల్ఫా ఒలిఫిన్లు, ఎస్టర్ల వంటి రసాయనాలను కూర్చి గానీ తయారుచేసే కందెన ఇది. టర్బోచార్జర్ వేడికి మామూలు మినరల్ ఆయిల్ త్వరగా మాడి మడ్డి కడుతుంది. సింథటిక్ ఎక్కువకాలం నిలుస్తుంది.

డబ్బా మీద 5డబ్ల్యూ-40 అని ఉంటే మొదటి అంకె చలిలో పారే గుణానికి గుర్తు. 5డబ్ల్యూ నూనెను పరీక్షించేది మైనస్ 30 డిగ్రీల దగ్గర. బందరు, గుడివాడ, దివిసీమల్లో అంత చలి ఊహకే అందదు కనుక ఇక్కడ రెండో అంకే ముఖ్యం. 40 గ్రేడ్ నూనె చిక్కదనం 100 డిగ్రీల వద్ద 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి. మాన్యువల్ 30, 40 రెండింటినీ అనుమతిస్తే, రోహిణి కార్తె ఎండల్లో విజయవాడ హైవే మీద వేగంగా నడిపేవారికి 40 మేలు. ఎండలు ఎక్కువని మాన్యువల్‌లో లేని చిక్కటి నూనె పోయడం మాత్రం తప్పు: సన్నటి నూనెదారులున్న నేటి ఇంజన్లలో వాల్వ్ టైమింగ్ దెబ్బతింటుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ ఇంజన్లలో, తక్కువ వేగంలో భారం పడినప్పుడు ఇంధనం ముందే అంటుకుని పిస్టన్ పగలవచ్చు. నూనెలో కాల్షియం ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం దీన్ని అరికట్టే పరీక్షతో కూడినది. మెర్సిడెస్ 229.5, పోర్షే ఏ40 వంటి తయారీదారుల ఆమోదాలు బ్రాండు పేరుకన్నా నమ్మదగినవి.

ఊళ్లోనే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కక నూనెలో పెట్రోలు, తేమ చేరతాయి. కిలోమీటర్లు నిండకున్నా గడువుకు మార్చాలి. వరదనీటిలో నిలిచిన కారు డిప్‌స్టిక్‌పై నూనె పాలరంగులో కనిపిస్తే స్టార్ట్ చేయకూడదు.