గూట్లో దీపం పోలెక్కిన కథ

మా ఇంట్లో సాయంత్రం ఎవరు లైటు వేసినా, స్విచ్చు మీది నుంచి చెయ్యి తీయగానే రెండు చేతులూ జోడిస్తారు. చాలా ఇళ్లలో ఉన్న అలవాటే ఇది. చేవెళ్లలో మా నాయనమ్మకు మాత్రం ఇంకో పట్టింపు ఉండేది. వాకిలి ఎదుటి పోలు మీద లైటు వెలిగేదాకా ఇంట్లో స్విచ్చు ముట్టనిచ్చేది కాదు. "బజార్ల దీపం ముందు వెలగాలె, మనది తర్వాత. లైటొచ్చింది, దండం పెట్టుండ్రి" అనేది.

పెద్దయ్యాక ఈ వరసకు మూలమేమిటా అని ఆలోచిస్తే, మనసు పాత ఇళ్ల గోడల్లోని గూళ్ల దగ్గరికి పోయింది. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అనే సామెత ఆ ఇళ్లలో పుట్టిందే. వాకిలి పక్క గూట్లో పెట్టిన ప్రమిద ఇంటివాళ్లతో పాటు దారిన పోయేవాళ్లకూ గుంతలు, మెట్లు చూపేది. దాన్ని ఊదకూడదు, ఆరిందని అనకూడదు, కొండెక్కిందనాలి. ఇక కార్తీకంలో గుళ్లలో ఆకాశదీపం వేలాడదీస్తారు. చిల్లుల ఇత్తడి పాత్రలో దీపం పెట్టి, తాడుతో ధ్వజస్తంభం మీదికి లాగుతారు. పితృదేవతలకు దారి చూపుతుందని నమ్మకం. ఎత్తైన స్తంభం, పైన దీపం, కింద ఊరు: నా మటుకు మనకు తొలి వీధి దీపం అదే.

తర్వాత వచ్చిన దీపాలు తమ పేర్లను వెంట తెచ్చుకున్నాయి. మనం కందీలు అనేది అరబ్బీ ఖందీల్ నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్‌లో కొవ్వొత్తిని చెప్పే మాట. పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన మోసిన పెట్రోమాక్స్ లైటు బెర్లిన్‌లో పుట్టింది. పెట్రోలియం అన్న మాటకు ఆ లైటును తయారుచేసిన మాక్స్ గ్రేట్స్ పేరు కలిపితే పెట్రోమాక్స్ అయింది. లండన్‌లో 1807లోనే పాల్ మాల్ వీధి గ్యాసు దీపాలతో వెలిగింది. మన దక్షిణాదిన బెంగళూరు వీధుల్లో 1905లో కరెంటు దీపాలు వెలిగాయి, ఆ కరెంటు శివనసముద్రం జలపాతం దగ్గరి నుంచి వచ్చింది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1910లో విద్యుత్ శాఖ పెట్టింది, 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వచ్చింది. పట్నం వెలిగిన ఎన్నో ఏళ్లకు గానీ పల్లెలకు పోళ్లు రాలేదు.

నా చిన్నప్పటి పోలు మీద సోడియం లైటు ఉండేది. అది ఒక్కసారిగా వెలగదు. ముందు చిన్న మినుకు, ఆపైన గులాబీ ఛాయ, కొన్ని నిమిషాలకు నారింజ కలిసిన పసుపు. కందీలు వత్తి మెల్లగా పెంచినట్టే ఉండేది. ఆ రంగు నిండేదాకా నాయనమ్మ చేతులు జోడించే నిలబడేది. ఆ వెలుతురులో ఆమె ఎర్ర చీర మట్టిరంగులో కనిపించేది. మధ్యలో కరెంటు పోయి వస్తే, వేడెక్కిన బల్బు చల్లబడేదాకా మళ్లీ వెలిగేది కాదు. అప్పుడు మా ఇల్లూ చీకట్లోనే ఎదురుచూసేది.

మా పోలుకు వేళ ఉండేది గానీ, అప్పట్లో చాలా ఊళ్లలో వీధి లైట్లకు విడిగా వైరు ఉండేది కాదు, పగలూ రాత్రీ వెలిగేవి. 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో వీధి లైట్ల కోసమే మూడో వైరు లాగి, లైట్లన్నిటికీ కలిపి ఒక స్విచ్చు పెట్టారు. నా దృష్టిలో ఇది సోడియం లైటు పోయి ఎల్‌ఈడీ రావడం కన్నా పెద్ద మార్పు. వేయడానికీ ఆపడానికీ వేళ ఉంటేనే కదా దీపానికి దండం పెట్టే వేళ కూడా ఉండేది.

చీకటి కావాల్సిన చోట్లూ ఉన్నాయి. చేవెళ్ల, మొయినాబాద్ పూలతోటల ప్రాంతం. చామంతికి పొడుగు రాత్రి దొరికితేనే మొగ్గ పడుతుంది, పక్కన పోలు లైటు తెల్లారేదాకా వెలిగితే పూత వెనకబడుతుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టడంతో, మొయినాబాద్ వైపు రాత్రి పట్నమంత తెల్లబడలేదు. ఆ చీకటిని కూడా ఆస్తిగానే లెక్కపెట్టాలని నా కోరిక.

మొయినాబాద్ దాటాక బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కిందికి పోతుంది. ఈ దారిలో వందలాది మర్రులున్నాయి. రాత్రిపూట ఊరికీ ఊరికీ మధ్య బండి లైట్లే దిక్కు. వెలుగు పడినంత మేర ఊడలు, మానుల మీది తెల్ల పట్టీలు కనిపించి వెనక్కి పోతుంటాయి. అక్కడ మా కారులో ఎవరూ మాట్లాడరు, అది నాయనమ్మ నాటి నియమం. చేవెళ్ల మొదటి పోలు లైటు కనబడగానే వెనక సీట్లోని పిల్లలు చేతులు జోడిస్తారు. ఆ తర్వాతే మాటలు మొదలవుతాయి.